ముప్పై వేల దాకానే పాట

చిట్టీ పాటకు ఏడుపు ముఖంతో వెళ్లి బాగుపడినవాళ్లు లేరు. అవసరం ఉందని పసిగట్టారంటే పక్కవాళ్లు కావాలనే పాట పెంచేస్తారు. ఈ సంగతి చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన రాజకుమారికి ఒకరు చెప్పాలా! అందుకే ఆ ఆదివారం పొద్దున పట్టుచీర కట్టింది, మెడలో గిల్టు హారం వేసుకుంది, డబ్బా నిండా పులిహోర పెట్టుకుని ఆదిలక్ష్మి గారింటి మెట్లెక్కింది. అసలు హారం ఎప్పుడో తాకట్టుకు పోయింది. పైకి నవ్వేగానీ లోపలంతా అప్పు లెక్కలే.

ఎందుకుండవు మరి! అశోక్ నగర్‌లో ఆమెది కర్రీ పాయింట్. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే ఆమెకు గిరాకీ. నోటిఫికేషన్లు ఆగాయి, పిల్లలు ఊళ్లకు పోయారు, గిరాకీ సగమైంది. పెద్ద ఫ్రిజ్ క్రెడిట్ కార్డు మీద కొన్నది, ఆ తర్వాత నూనె, పప్పు కూడా దాని మీదే. బిల్లులో 'కనీసం ఇంత కట్టండి' అన్నంత కట్టేసి, అప్పు తీరుతోందనుకుంది మహాతల్లి! తీరడమా? వడ్డీకి వడ్డీ పుట్టి లక్షా డెబ్బై వేలయి కూర్చుంది.

ఫోనులో ఎవడో సగం కట్టి సెటిల్ చేసుకోమన్నాడు. ఆమె వాణ్ణి నమ్మకుండా నారాయణగూడలోని బ్యాంకు బ్రాంచికే వెళ్లింది. అక్కడ పనిచేసే హారతి ఉన్నదున్నట్టు చెప్పింది.

"సగానికి తెంచుకుంటే మీ పేరు మీద మచ్చ పడుతుందండీ, రేపు దుకాణానికి లోను పుట్టదు. కార్డు వాడకం ఆపేసి, బాకీని తక్కువ వడ్డీకి కిస్తీలుగా మార్పించుకోండి. రెండేళ్లలో వడ్డీ ముప్పై వేల దాకా అవుతుంది."

"మరి నాకు రెండు లక్షల చిట్టీ ఉన్నది కదమ్మా?"

"ఎత్తితే ఎంత వదులుకోవాలి?"

"అది పాటను బట్టి. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల పైసలు వాళ్లయి. వదిలింది అందరం పంచుకుంటం."

"అయితే ముప్పై వేలలోపు వస్తే ఎత్తండి. దాటితే కిస్తీలే నయం."

ముప్పై వేలు. దాటొద్దు. మెట్ల మీద ఇదే జపం.

"ఏమ్మా రాజీ, పట్టుచీరేంటి, ఎక్కడికైనా వెళ్తున్నావా?" అన్నారు చిట్టీ నడిపే ఆదిలక్ష్మి గారు.

"రాంనగర్ల పెళ్లున్నది పిన్నిగారు. జర జల్ది కానియ్యుండ్రి!"

ఏ పెళ్లో, ఎవరి పెళ్లో ఆ పైవాడికే తెలియాలి.

పాట పదివేల దగ్గర మొదలైంది. నారాయణగూడలో ఫొటో స్టూడియో నడిపే రాఘవేంద్ర ఆవలిస్తూ "పదిహేను" అన్నాడు. రాజకుమారి ఫ్యాను వైపు చూస్తూ "ఇరవై" అంది.

"ఇరవై రెండు," అన్నాడతను, కాలు మీద కాలేసుకుని.

చూశావా వీడి పొగరు! నా అవసరం కనిపెట్టాడు, కావాలనే ఎక్కిస్తున్నాడు. అంతే, ఆమెకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఇరవై ఐదు!"

"ఇరవై ఎనిమిది."

"ముప్పై!" లేచి నిలబడిందే గానీ, లేచినట్టు ఆమెకే తెలియదు.

రాఘవేంద్ర మీసం గోక్కున్నాడు. "ముప్పై ఒకటి."

'ముప్పై రెండు' నాలుక కొసదాకా వచ్చేసింది! ఒక్క మాట అంటే చాలు, వీడి తిక్క కుదురుతుంది. ఆదిలక్ష్మి గారు గ్లాసు మీద చెంచాతో కొడుతూ "ఒకటోసారి... రెండోసారి..." అంటున్నారు. రాజకుమారి గబగబా డబ్బా తెరిచి నోటి నిండా పులిహోర కుక్కుకుంది. ఇక మాట బయటికి రమ్మన్నా రాదు.

"మూడోసారి! చిట్టీ రాఘవేంద్రకి!"

నన్ను ఎక్కించబోయి తనే ఇరుక్కున్నాడు, బాగా అయింది! ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. అతని ముఖం వాడిపోతుంటే కళ్లారా చూద్దామని తిరిగింది. రాఘవేంద్ర గోడ మీది దేవుడి పటానికి దండం పెడుతున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

మెట్ల మీద ఆమెను ఆపాడు. "అక్కా, ఇంకో వెయ్యి పెంచి ఉంటే నేను సచ్చేటోన్ని. కెమెరా కోసం నారాయణగూడ బ్యాంకు కార్డు గీకిన, లక్షా అరవై తొమ్మిది వేలైంది."

"నువ్వు కూడానా! మరి గా ఆవలింతలేంది?"

"అవసరమని తెలిస్తే ఎక్కిస్తరు కదా. మీ పట్టుచీర, హారం చూసి, ఈమెకేం తక్కువ, నన్ను ఏడిపియ్యనీకే పెంచుతున్నదనుకున్న."

"గిది గిల్టుది తమ్మీ!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు, పైనుంచి ఆదిలక్ష్మి గారు తొంగిచూసేంతగా. నవ్వి నవ్వి మెట్ల మీదే చతికిలపడ్డాక రాఘవేంద్ర మెల్లగా అన్నాడు.

"ముందే ఒక్క మాట అనుకుంటే పదిహేను వేలకే తెగేది అక్కా."

అవును. మిగతా పదహారు వేలు ఇద్దరి నాటకానికీ టికెట్టు. రాజకుమారి హారం విప్పి డబ్బాలో పడేసింది.

"నాకు కిస్తీల దారి ఉన్నదిలే. బాకీ కట్టనీకి నువ్వు కూడా రేపు నాతోటి బ్రాంచికి రా. కార్డులు రెండూ అక్కడ్నే కత్తిరిద్దాం. కత్తెర నేను తెస్త, కరివేపాకు కత్తిరించేది!"