శవం దొరకని చావులు

కాటా గది కంప్యూటర్లో ఉండకూడని ఫైలు ఒకటి పొద్దున్నే కంటబడేసరికి వాసుదేవ్ నోట్లో టీ చేదెక్కింది.

దాని పేరు ‘కోర్’. సిమెంటు లారీలు తూచే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి చచ్చే ముందు, తన బుర్రలో ఉన్నదంతా డిస్కు మీద కక్కిపోయే ఫైలు. చదివితే ఎందుకు చచ్చిందో తెలుస్తుంది. అలాంటిది ఒక్కటీ పుట్టకుండా, ఆ ఫైలు సైజు సున్నా దాటకూడదని కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ఆదేశాల్లో వాసుదేవ్ ఏనాడో ఒక వరుస రాశాడు. ఇప్పుడా వరుసను ఎవరో తీసేశారు.

ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో సిస్టమ్స్ ఇన్‌ఛార్జి అతను. జేబులో రాయని పెన్నులు, బొడ్డు దగ్గర నోరు తెరిచిన చొక్కా. పెద్దసారు ఎదురైతే గోడకు అంటుకుని నడుస్తాడు, కింది వాళ్లు ఎదురైతే గోడ వాళ్లకు వదులుతాడు. కొడుకు పరీక్ష తప్పితే పంతుల్ని వేలెత్తి చూపించాడు. ఇల్లు కురిస్తే మేస్త్రీని చూపించాడు.

ఒకప్పుడు ఈ ఫైళ్లతో డిస్కు నిండి లారీల లోడింగు ఆగిపోయింది. పెద్దసారు నలుగురిలో తిట్టాడు. ప్రోగ్రాం ఎందుకు చస్తోందో కనుక్కోవాలి గదా! ఈ మహానుభావుడు సున్నా పెట్టి చేతులు దులుపుకున్నాడు. చావులు ఆగలేదు, శవాలే మాయమయ్యాయి. మరి నేరం ఎవరిది? కాటా గుమాస్తా ఖాసిం సాహెబ్ మీటలు తప్పు నొక్కుతున్నాడని చెప్పేశాడు. నిన్ననే సాహెబ్ ఉద్యోగం ఊడింది.

వాసుదేవ్ గబగబా ఫైలు చెరిపేశాడు. అంతలో సాహెబే వచ్చాడు.

“తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చినా సారూ.”

“యాడికి పోతాండావు సాహెబూ?”

“ముద్దనూరికి. బామ్మర్దిది టైర్ల అంగడి ఉండాది. నా చేతి యేళ్లు పంచర్లెయ్యడానికైనా పనికొస్తాయేమో సూడాల.” నవ్వాడు. “శానా తప్పులు నొక్కినాయంట గదా.”

ఇప్పుడైనా నోరు విప్పొచ్చు. వాసుదేవ్ ఫ్యాను వంక చూశాడు. “నాదేముందప్పా, పైవాళ్ల ఆర్డరు.”

సలాం చేసి సాహెబ్ వెళ్లిపోయాడు. బయట బస్సు హారన్ మోగింది.

వెనకే సుచరిత వచ్చింది. ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీ కర్నూలు నుంచి పంపిన ఇంజినీరు.

“కోర్ చెరిపేసినారా సార్? పర్వాలేదు, ఆ సున్నా వరుస నిన్న తీసేసింది నేనే, పొద్దున మీకంటే ముందొచ్చి కాపీ తీసుకున్నా. రెండు కాటాల మీదికీ ఒకేసారి లారీలెక్కితే చస్తాండాది. తప్పు మా ప్రోగ్రాందే, సాహెబ్‌ది కాదు. ఒక్క కోర్ మిగిలున్నా ఎప్పుడో సరిచేసేవాళ్లం. ఆ సున్నా ఎవరు పెట్టినారు?”

అలవాటుగా వాసుదేవ్ వేలు లేచింది. గదిలో చూపించడానికి మనిషి లేడు. ఖాళీ కుర్చీ ముందు బల్ల మీద సాహెబ్ మరిచిన కళ్లజోడు మాత్రం ఉంది. వేలు దిగింది.

“నేనేనమ్మా పెట్టినా. చస్తాండాదని తెలుసు. శవం దొరికితే నన్నడుగుతారని పెట్టినా. సాహెబ్ తప్పేం లేదని గూడా తెలుసు. తిట్లు పడలేక ఆయన్ని చూపించినా. పెద్దసారుకు నువ్వే చెప్పు తల్లీ, నాకు నోరు రాదు. ఆ కళ్లద్దాలు మాత్రం ఎవురితోనైనా పంపించు. నేనిచ్చినానని చెప్పగాకు.”