కడుపు నిండిన ఈస్టు

మా విస్కాన్సిన్‌లో చీజ్ ఫ్యాక్టరీ మురుగు కాలువ కనిపిస్తే ఎవరైనా ముక్కు మూసుకుంటారు. బెర్నడెట్ క్రాస్కా మాత్రం మోకాళ్ల మీద కూర్చుని అందులోంచి ఈస్టును గీరి తెచ్చింది. పాలు పడనివాళ్ల కోసం పాలచక్కెరను విడగొట్టే ఎంజైమ్ అది బ్రహ్మాండంగా తయారుచేస్తుందని ఆమె నమ్మకం. మా ల్యాబ్‌లో అంత మొండి శాస్త్రవేత్త మరొకరు లేరు. ఆమె బల్ల దగ్గరే పనిచేసే నాకు ఈ ఒక్కరితోనే తలప్రాణం తోకకొస్తోంది.

శుక్రవారం సాయంత్రం డైరెక్టర్ హెగ్‌స్ట్రోమ్ గారు పరీక్ష చూడ్డానికి వస్తారు. గొట్టంలో ద్రవం పసుపురంగుకు తిరిగితే ఎంజైమ్ ఉన్నట్టు. తిరగకపోతే బెర్నడెట్ దాచిన ఈస్టును ఆయన ఫ్రీజర్‌లోంచి తీయించి పారేయిస్తారు.

ఆ శుక్రవారం ఉదయం, చీజ్ తీయగా మిగిలిన విరుగుడు నీళ్లు పోసిన ఫ్లాస్కుల్లో ఈస్టు గంజిలా చిక్కగా పెరిగి ఉంది. సంబరంగా పరీక్షించాం. రంగు రాలేదు.

"తిని పడుకుంది నీ ముద్దుల ఈస్టు," అన్నాను.

బెర్నడెట్ ఫ్లాస్కును వెలుగులోకి ఎత్తి చూసింది. "ఉత్త విరుగుడు నీళ్లలో ఇంత చిక్కగా పెరగదే! డ్వేన్, నీ షుగర్ మీటర్ ఓసారి ఇవ్వు."

డ్వేన్ మా పక్క బల్ల మీద పనిచేస్తాడు, షుగర్ జబ్బు ఉన్నవాడు. ఆమె అతని మీటర్‌లో ఫ్లాస్కులోని చుక్క వేసింది. మీటర్ అంకె కూడా చూపలేక 'హై' అని చేతులెత్తేసింది.

"మనిషైతే ఈపాటికి అంబులెన్స్ వచ్చేది," అంది బెర్నడెట్.

డ్వేన్ ముఖం కందిపోయింది. "గ్లూకోజ్ నేనే వేశాను బెర్నీ. నిన్న చూస్తే పాపం నీ ఈస్టు నీరసంగా ఉంది. శుక్రవారానికి అందుకోవాలి కదా అని..."

నాకు ఒళ్లు మండింది. "సులువైన చక్కెర నోట్లో పెడితే ఇక పాలచక్కెర జోలికి ఎందుకు పోతుందయ్యా? ఎంజైమ్ ఎందుకు చేస్తుంది?"

"అరవకు వెర్న్," అంది బెర్నడెట్. "ఫ్లాస్కులో ఎంతమంది ఉన్నారో చూడు. ఇంత మంది కూలీలు నాకెప్పుడూ దొరకలేదు. తిన్నది చాలు, ఇక పనిలోకి దించుదాం."

ఈస్టును యంత్రంలో తిప్పి అడుక్కి దించింది. తీపంతా కడిగేసింది. ఉత్త విరుగుడు నీళ్లలో వేసింది. సాయంత్రమై, ప్రతి శుక్రవారం లాగే ఊరంతా హోటళ్లకు చేపల వేపుడు తినడానికి బయల్దేరినా మేం కదల్లేదు.

ఉదయం రంగు రాలేదని విన్న హెగ్‌స్ట్రోమ్ గారు వచ్చి, "ఇంకా ఏం ఆశ?" అంటుండగానే గొట్టంలో ద్రవం పసుపురంగుకు తిరిగింది. చూస్తుండగానే సాసేజ్ మీద వేసుకునే ఆవముద్ద రంగుకొచ్చింది. ఆ ఈస్టుకు దండం పెట్టాలనిపించింది.

"ఇంతెప్పుడూ రాలేదే! ఏం చేశావమ్మా?" అన్నారు హెగ్‌స్ట్రోమ్ గారు.

మా ల్యాబ్‌లో ఇంకొకరి ఫ్లాస్కులో చెయ్యి పెడితే ఉద్యోగం ఊడుతుంది. డ్వేన్ తల దించుకున్నాడు.

"రెండు దశలు సార్. ముందు గ్లూకోజ్‌తో ఈస్టు మందను పెంచడం, తర్వాత విరుగుడు నీళ్లకు మార్చడం," అంది బెర్నడెట్. "మొదటిది డ్వేన్ చేశాడు. అడక్కుండా చేశాడు, నాకు కోపం కూడా వచ్చింది. అయినా దీని మీద వ్యాసం రాస్తే నా పేరు పక్కన అతని పేరు ఉండాలి."

ఆమె స్థానంలో నేనుంటే మెప్పంతా నేనే కొట్టేసి డ్వేన్ పేరు ఎత్తేవాణ్ణే కాదు.