కంట్రోల్, షిఫ్ట్, జి

"రాజీ, వచ్చే సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు. మా అక్క కొడుకు కళ్యాణ్ వస్తాడు. ఆ మీటలేవో వాడికి నేర్పీసి, హాయిగా ఇంటికాడ ఉండు," అన్నాడు మా ఆయన, నేను చారుకి పోపు పెడుతుండగా.

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అదే నా ఇబ్బంది. కోపంగా అనుంటే నాకు ఏదో ఒక జవాబు తట్టేది. పోపు మాడింది. గిన్నె దించి, మళ్ళీ ఆవాలు వేశాను.

కోటబొమ్మాళిలో మాది దస్తావేజులు రాసే ఆఫీసు. ఆఫీసంటే రోడ్డు మీదికి ఒక గది, బల్ల, కంప్యూటరు, ప్రింటరు. మావగారు బతికున్న రోజుల్లో అన్నీ చేత్తోనే రాసేవారు. ఇప్పుడు మా ఆయన మురళీమోహన్ వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు, రిజిస్ట్రారు ఆఫీసుకి తిరుగుతాడు. టైపు నాది. తెల్లారి లేచి పిండి రుబ్బి, కేరేజీలు కట్టి, అత్తగారికి మందులిచ్చి, ఆఫీసు తుడిచి కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి కుడిచేతి మణికట్టు వాచిపోయేది. డాక్టరు చేతికి విశ్రాంతి కావాలన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే అత్తగారు నవ్వేసింది. "కూకుని సేసే పనికి అలుపేటే? మేం నడుం ఒంచి ఊడుపులు ఊడ్సినోళ్ళం." ఇంట్లో అడిగితే విశ్రాంతి దొరకదని తెలిశాక కంప్యూటర్నే అడిగాను. మాక్రో అనే మాట ఫోనులో ఏదో వీడియోలో విన్నాను. మనం ఒకసారి కొట్టి చూపించింది కంప్యూటరు గుర్తుపెట్టుకుని, మనం చెప్పిన మీట నొక్కినప్పుడల్లా తనే కొట్టేస్తుందట. ఒకసారి వండి చూపిస్తే రోజూ తనే వండే పొయ్యి లాంటిదన్న మాట. మొదటిసారి ఒక్క మీటకి నాలుగు హద్దుల పేరా మొత్తం గబగబా దిగిపోతుంటే, గదిలో ఎవరూ లేరు కాబట్టి చప్పట్లు కొట్టుకున్నాను. ఆ తర్వాత సాక్షులకి ఒక మీట, సర్వే నంబర్ల పట్టీకి ఒక మీట, ఇలా పెట్టుకుంటూ పోయాను. పని త్వరగా తెములుతోందని ఊళ్ళో పేరొచ్చింది. "బాబుగారు మంచి కంప్యూటరు ఎట్టీసేరు" అనేవాళ్ళు. ఆయన చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

అందులో ఒక మీట ఆయన అడిగి పెట్టించుకున్నది. "ఆడోళ్ళందరికీ ఒకటే కదా, అది కూడా పెట్టీ. టైము కలిసొస్తాది," అన్నాడు. ఆడమనిషి పేరు కొట్టి కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని జి నొక్కితే చాలు, పక్కన 'వృత్తి: గృహకృత్యములు' అని పడుతుంది. మగవాళ్ళకి ఎం. 'వృత్తి: వ్యవసాయం.'

బుధవారం లక్ష్మీనరసమ్మ అనే ఆవిడ, భర్త సింహాచలంతో వచ్చింది. ఇన్నాళ్ళూ కౌలుకి చేస్తున్న మడినే ఇద్దరి పేరునా కొంటున్నారు. సంతకాలకి ముందు కాగితం పైకి చదివి వినిపించడం మా దగ్గర ఆనవాయితీ. చదువుతున్నాను.

"ఆగు తల్లీ," అంది ఆవిడ. "వ్యవసాయం ఎవులికి?"

"మీ ఆయనకమ్మా."

"ఈయనకా!" పకపకా నవ్వింది. "పారాదీపులో వెల్డింగు సేస్తాడు. మడికి నీరు ఏ పక్కనుంచి వస్తాదో అడుగు, సూద్దాం."

సింహాచలం బుర్ర గోక్కున్నాడు. "నిజమే బాబూ. నాను సెలవుకొచ్చి తినీసి పోయేవోణ్ణి."

"అది కంప్యూటర్లో అలాగే వస్తాదమ్మా," అన్నాడు మా ఆయన. "ఆడోళ్ళందరికీ అంతే. నువ్వు సంతకం ఎట్టీ."

"కంప్యూటరు నా మడి సూసినాదేటి బావూ? నారు నాను పోసేను. కలుపు నాను తీసేను. నా డబ్బుతో కొన్న మడి కాగితంలో నన్ను ఇంట్లో కూకోబెడతావా?"

మా ఆయన తొందరపెడుతున్నట్టు నా వైపు చూశాడు. నేను ఆ రెండు మాటలూ చెరిపేసి, ఆవిడ పేరు పక్కన వ్యవసాయం, ఆయన పేరు పక్కన వెల్డింగు అని కొట్టాను. కొత్త కాగితం ఇస్తే ఆవిడ చదవలేదు. "ఏదీ, ఎక్కడున్నాది?" అని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

వాళ్ళు వెళ్ళాక ఆయన విసుక్కున్నాడు. "ఆ జి మీట మాత్రం మార్చకు. కళ్యాణ్ తికమక పడతాడు. ఆ, అన్నట్టు, వాడి పేరూ నా పేరూ కలిపి ఆఫీసుకి భాగస్వామ్య పత్రం తియ్యి. సోమవారానికి కావాల."

ఆయన భోజనానికి వెళ్ళాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. చేతులు మీటల మీద పెట్టాను. ఈ వేళ్ళ కింద ఎంతమంది ఆడవాళ్ళు మళ్ళలోంచి, కొట్లలోంచి, కుట్టుమిషన్ల దగ్గర్నుంచి లేచి ఇళ్ళలోకి వెళ్ళిపోయారో. కోడిపెట్టలమ్ముకుంటూ ఇల్లు నడిపే రాముడి భార్య, ఇద్దరు పిల్లల్ని టీ దుకాణం మీద చదివించిన గంగులు వదిన, అందరూ నా దగ్గరకొచ్చి గృహకృత్యములు అయిపోయారు. నాకేమీ అనిపించలేదు, మణికట్టు నొప్పి తగ్గింది కదా. సోమవారం వస్తే ఆ మీట నా పేరుకి కూడా అతికినట్టు సరిపోతుంది. అందులో అబద్ధం కూడా ఉండదు. అదే నన్ను భయపెట్టింది.

పత్రం మొదలుపెట్టాను. ఆయన పేరు, కళ్యాణ్ పేరు. ఆ తర్వాత కాస్త ఆగి, ఇంకో వరుస కొట్టాను.

సాయంత్రం ఆయన కాగితం తీసుకుని నిలబడే చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేటి, మూడో పేరు వచ్చింది? తప్పు మీట నొక్కేసేవా?"

"మీట కాదండి. అక్షరం అక్షరం కొట్టాను."

'రాజకుమారి, వృత్తి: దస్తావేజుల తయారీ' అన్న వరుసను ఆయన మళ్ళీ చదివాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోపం రాలేదు. దారి తప్పిన చిన్నపిల్లాడిలా ముఖం పెట్టాడు.

"నువ్వూ ఇక్కడే ఉంటే... ఇంటి పనెవరు సేస్తారు?"

"దానికి ఇంకో పత్రం రాద్దాం," అన్నాను, ప్రింటర్లో కాగితాలు పెడుతూ. "అందులో మీ పేరు మొదట పెడతాను."