గోపాలం భుజం కొలత

కూర్మనాథం తుపాకి బోల్టు సగం తోసి వెనక్కి లాగాడు. తూటాల పెట్టెలోంచి లేచిన ఉత్తుత్తి తూటా బోల్టు కొక్కేనికి చిక్కి బయటికొచ్చి పడింది. ఇంకోసారి చేశాడు. అంతే. పక్కనున్న రెండో తుపాకితో అదే పని చేస్తే తూటా గొట్టం మొదట్లోనే ఉండిపోయింది. దాని వెనక ఇంకోటి పొడుచుకొచ్చి రెండూ ఇరుక్కున్నాయి. వాటిని ఊడదీయడానికి తట్టినప్పుడల్లా, ఒక కాలు పొట్టిదైన పనిబల్ల ఊగింది.

అందరూ బోజీ అని పిలిచే కెప్టెను పంది వేటకి ఒకటి ఏరుకుంటున్నాడు. కూర్మనాథం బర్మీసులో విడమరిచాడు. తూటాని పట్టకుండా ముందుకి తోసే రకం నున్నగా నడుస్తుంది, కాని చెయ్యి స్థిమితంగా ఉన్నంతసేపే. భయపడ్డవాడు బోల్టు పూర్తిగా మూయకుండానే వెనక్కి లాగుతాడు. అక్కడ అది మొండికేస్తుంది. కొక్కెం రకమైతే తూటా లేచీ లేవకముందే, గయ్యాళి అత్త కోడలి జుట్టు పట్టినట్టు పట్టేస్తుంది. బోజీ నవ్వి, భుజానికి ఆనే కర్ర సంగతి అడిగాడు. ప్లాస్టిక్కు వానకి ఉబ్బదు, కాని దానికి ఎవరి భుజమైనా ఒకటే. పడౌక్ చెట్టు చేవ బరువు, వానాకాలంలో ఒళ్లు చేస్తుంది, అయినా దెబ్బ తాను మింగి మనిషికి కొంచెమే పెడుతుంది. బోజీ పడౌక్ కర్ర వేసిన కొక్కెం తుపాకిని ఎత్తి, కిటికీలోంచి ఒక కాకికి గురిపెట్టి, తీసుకుపోయాడు.

కూర్మనాథానిది పజుండౌంగ్ కాలువ పక్కన ఇరుకు కొట్టు. కళింగపట్నం నుంచి ఓడెక్కొచ్చిన తాత పడవలకి తెడ్లు చెక్కాడు, తండ్రి తుపాకి కర్రలకి దిగాడు. కూర్మనాథం ఆ గూటిలోనే గూని తేలాడు. దర్జీ చొక్కాకి కొలిచినట్టు, మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా జనపతాడుతో కొలిచి, భుజం ఆనే చోట గుంట తీసి కర్ర ఇచ్చేవాడు. వేట తుపాకులన్నీ సైన్యానికి ఒప్పజెప్పాలన్నారు, కొట్టు మూతపడింది. ఆ తుపాకులనే బాగుచెయ్యాలని ఈ బోర్డు లేని గోడౌన్‌కి పిలిపించారు. రానని చెప్పే దారి ఎవరూ చూపలేదు. రోజూ భార్య వెంకమ్మ కట్టిచ్చిన కేరేజీతో మింగళాడోన్ బస్సెక్కుతున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురిని ఈడ్చుకొచ్చారు. చేతులు ముందుకి కలిపి కట్టారు. ఒకడు పొట్టి, ఒకడు నడితరం ఎత్తు, మూడోవాడు తాటిచెట్టంత మనిషి. ఆ పొడుగాటివాడి దవడ పక్కకి జరిగిపోయి ఉంది. ముఖం చూసి పోల్చలేకపోయాడు కాని, మోకాళ్ల దాకా వేలాడే ఆ చేతుల్ని కూర్మనాథం ఎక్కడున్నా గుర్తుపడతాడు. పెగూ వైపు వరి పండించుకునే గోపాలం. పందులు చేను తినేస్తున్నాయని కర్ర చేయించుకున్నాడు. కొక్కెం రకం కొనరా అంటే, పందికి రెండో తూటా ఎందుకు మావా అని నవ్వి, తోసే రకమే కొన్నాడు.

సార్జెంటు బల్ల మీద పడేసిన తుపాకి గోపాలానిదే. దాంతోనే వాడి మూతి మీద కొడితే కర్ర చివరి మడమ పగిలింది. లోపల రెండు తూటాలు ఇరుక్కుని ఉన్నాయి. సైన్యం ఊరి మీద పడ్డప్పుడు ఒక్క దెబ్బకి ఒక సిపాయి కూలాడట. తర్వాత అది పలకలేదు. ఆ దెబ్బ ఎవడిదో ముగ్గురూ చెప్పడం లేదు. నువ్వు కొలిచి చెప్పు, ఇది ఎవడి ఒంటిది, అన్నాడు బోజీ.

గోపాలం నెత్తురు ఉమ్మి తెలుగులో అన్నాడు: "మావా, ఆలిద్దరికీ ఏటీ తెల్దు. నాదే అని సెప్పీ."

ఏమంటున్నాడని సార్జెంటు గద్దించాడు. దాహమంటున్నాడని చెప్పి, కూర్మనాథం వాడిని కసిరినట్టు అన్నాడు: "నోర్ముయ్‌రా. నీ భుజానికి కర్ర సెక్కినోణ్ణి నాను. పాడెకి కొలత తియ్యను."

పగిలిన కర్ర కొలతకి రాదు, పగులు కోసెయ్యాలని బోజీకి చెప్పి, రంపం తీశాడు. బోజీ ఫోనులో పడ్డాడు; సార్జెంటు బూటుతో పొట్టివాడి కాలివేళ్లు నలుపుతున్నాడు. ఆ కేకల్లో రంపం చప్పుడు కలిసిపోయింది. భుజం గుంట ఉన్న ముక్క తెగి పొట్టులో పడింది. తాడు పెట్టి చూశాడు. ఇప్పుడది నడితరంవాడి చేతికి సరిపోతుంది. ఇంకా కోశాడు. పొట్టివాడికి కూడా అందకూడదని, మళ్లీ కోశాడు.

సార్జెంటు కట్లు విప్పి ముగ్గురి భుజాలకీ ఆనించి చూశాడు. ఎవడి చేతికీ చాల్లేదు. బోజీ తుపాకినీ, బల్ల కింద పొట్టునీ, ముసలాణ్ణీ చూసి, నువ్వు పట్టు, అన్నాడు.

గూని మనిషి, కురచ చేతులు. తుపాకి కుట్టించినట్టు కూర్చుంది. ఊరందరినీ కొలిచే దర్జీకి తన చొక్కా గుర్తుండదు.

"ఒక మనిషిని చూపిస్తానని పైవాళ్లకి మాటిచ్చాను," అన్నాడు బోజీ. "చేసిందీ నువ్వే, సరిపోయిందీ నీకే."

కోశాను కాబట్టి సరిపోయింది అనొచ్చు. కోయకముందు ఎవడికి సరిపోయేదని అడుగుతారు. కూర్మనాథం తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కేరేజీ పజుండౌంగ్‌లో ఇచ్చెయ్యమన్నాడు, గిన్నెలు మావిడవి అన్నాడు.

ముగ్గురినీ జైలు లారీ ఎక్కించారు. గోపాలం ఊడిన దవడతో ఏదో అరుస్తూనే ఉన్నాడు. లారీ గేటు దాటింది.

గోడౌన్ వెనక కూర్మనాథం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనక బోల్టు సగం మూసుకుని, తడబడి, వెనక్కొచ్చిన చప్పుడు వినిపించింది. అది బోజీ పంది వేటకి ఏరుకున్న కొక్కెం తుపాకి. తోసే రకమైతే ఇక్కడ ఇరుక్కునేదే. తూటా ఒకటి ఊడి నేల మీద పడింది. బోల్టు మళ్లీ కదిలింది, ఈసారి నిండుగా మూసుకుంది.

కాకులు లేచి, కాసేపటికి మళ్లీ రేకుల మీద వాలాయి.

సాయంత్రం సార్జెంటు బల్ల మీద టీ కప్పు పెడితే ఒలికింది. వంగి, పొట్టులో చేతికందిన ముక్కని పొట్టి కాలి కిందికి తోశాడు. బల్ల ఇక ఊగలేదు. దాని కింద పడౌక్ ముక్క, అంచున నెత్తుటి చారతో, గోపాలం భుజమంత గుంటతో.