నాలుగో అరుపు

పదిహేడో పేజీ టైపు చేస్తుండగా పాలు పొంగిన వాసన వచ్చింది. నేను లేచేలోపే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. "పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడు." ఆయన కుర్చీ నుంచి వంటింటి గుమ్మానికి నాలుగడుగులు. నేను కూర్చున్న మూల నుంచి పద్నాలుగు. అయినా "చూడు" అన్న మాట పెళ్ళయినప్పటి నుంచీ ఆ నాలుగడుగుల దూరం నుంచే వస్తోంది. పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి, మిగిలిన పాలతో ఆయనకి కాఫీ కలిపిచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

మా ఆయన కాలేజీలో సాహిత్యం చెప్తారు కానీ పేరొచ్చింది మాత్రం సినిమాల మీద రాసి. సినిమాలంటే ఎన్నో కాదు, ముఖ్యంగా ఒక్కటి. ఆరుగురు ఆడవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని చంపే హంతకుడు, వాణ్ణి వెతికే పోలీసు అధికారి, సినిమా అంతా కురిసే వాన. పదేళ్ళయినా దాన్ని తలుచుకోని సినిమా మనిషి లేడు. అది విడుదలైన నెలలోనే ఈయన పత్రికలో ఒక వ్యాసం రాశారు. అక్కణ్ణుంచే సభలూ, దండలూ, "మాస్టారూ" అని చుట్టూ చేరే కుర్రకారూ. ఇప్పుడు పదేళ్ళ సందర్భంగా ఆ వ్యాసాన్ని పెంచి పుస్తకం చేస్తున్నారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు కాబట్టి టైపు నాది, తప్పులు దిద్దడం నాది. పుస్తకం మొదట్లో "ఓపికతో సహకరించిన నా శ్రీమతికి" అని ఒక లైను ఉంటుందట. అదీ నేనే టైపు చేశాను.

పదిహేడో పేజీలో ఇలా ఉంది: "నాలుగో హత్య దగ్గర వినిపించే ఆ అరుపు మన సినిమా చరిత్రలోనే అపూర్వం. దాని కోసం దర్శకుడు డబ్బింగు స్టూడియోలో దీపాలార్పించి, ఒక మనిషి చేత వెనకనుంచి ఆ అమ్మాయి మెడ పట్టించాడు. ఎవరో ఊరూ పేరూ లేని అమ్మాయి. కళ కోసం ఒక దర్శకుడు చేసిన సాహసమది."

నా వేళ్ళు "సాహసం" దగ్గర ఆగిపోయాయి. ఎవరి సాహసం?

"ఏమండీ, ఇది మీకెవరు చెప్పారు?" అని అడిగాను.

"ఏది?"

"దీపాలార్పడం."

"ఎక్కడో విన్నా. అందరికీ తెలిసిందే కదా." పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నారు.

"ఆ అమ్మాయి ఎవరో తెలుసా?"

"ఎవరైతే ఏంటి? కామాలు సరిగ్గా పెడుతున్నావా?"

"అది నేను."

అప్పుడు పేపరు దించారు. నన్ను చూసిన చూపులో ఆశ్చర్యం లేదు. పాత బీరువాలో పనికొచ్చే వస్తువు దొరికినట్టు ఒక మెరుపు, అంతే. "అవును కదూ! నువ్వప్పట్లో ఏవో అరుపులూ ఏడుపులూ చేసేదానివి. అయితే ఇంకా మంచిది. ఆదివారం సభకి నువ్వూ రావాలి. డైరెక్టరుగారు కూడా వస్తున్నారు. భలేగా ఉంటుంది!"

భలేగా ఉండటం అంటే ఏమిటో నాకు తెలుసు. నేను డబ్బింగులో అరిచే పని చేసిన మాట నిజమే. హీరోయిన్‌కి చెప్పేంత గొంతు కాదన్నారు నాది. గుంపులో గొంతులు, పక్కింటి ఆవిడ, నర్సు, శవం మీద పడి ఏడ్చే తల్లి, ఇవన్నీ నావే. ఆ సినిమాకి పిలిచినప్పుడు ఆరుగురు చచ్చిపోయే ఆడవాళ్ళకీ నన్నే చెప్పమన్నారు. స్క్రిప్టులో వాళ్ళకి పేర్లు లేవు. ఆడమనిషి ఒకటి, ఆడమనిషి రెండు. "పేరుంటే పలకడం సులువండీ" అని అడిగితే డైరెక్టరు నవ్వి, "ఎలాగూ పోయేవాళ్ళేగా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగో ఆమె దగ్గర ఇరవై రెండు సార్లు అరిపించాడు. తెర మీద ఆమె అద్దం ముందు నిలబడి తల తుడుచుకుంటూ ఉంటుంది. హంతకుడు వెనకనుంచి వస్తాడు. ప్రతిసారీ డైరెక్టరు గాజు తలుపు అవతల నుంచి, "భయం వినిపిస్తోంది కానీ అందం లేదమ్మా" అనేవాడు. గొంతు చీరుకుపోయింది. సౌండ్ ఇంజినీరు పాపం, "రేపు చూద్దాం సార్" అన్నాడు. ఇరవై మూడోసారి తెర వెలగలేదు. గదిలో దీపాలు పోయాయి. కరెంటు పోయిందనుకుని మైకు ముందు అలాగే నిలబడ్డాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మెడ పట్టుకుంది. ఉత్తుత్తిగా కాదు. ఊపిరాడకుండా పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. చచ్చిపోతున్నాననుకున్నాను. ఇంట్లో నా కూతురు చిన్నది, దానికి ఎవరు తల దువ్వుతారు అనుకున్నాను. అనుకున్నదంతా అరుపై వచ్చింది. దీపాలు వెలిగాక గాజు అవతల అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నా వెనక అసిస్టెంటు, "సారీ అక్కా, సార్ చెయ్యమన్నారు" అంటూ నేల చూపులు చూస్తున్నాడు. నా బట్టలు తడిసిపోయాయి. చేతిసంచి అడ్డం పెట్టుకుని గోడవారగా బయటికి నడిచాను. డైరెక్టరు, "ఓకే, సూపర్. వెళ్ళి మంచినీళ్ళు తాగు" అన్నాడు.

తర్వాత పదకొండు రోజులు గొంతు రాలేదు. "పోన్లే, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత మైకు ముందు అరుపు రాలేదు. నోరు తెరిస్తే మెడ బిగుసుకుపోయేది. ఇప్పుడు ఒక కాల్ సెంటర్ ఆఫీసులో పని చేస్తున్నాను, ఫోన్లలో వినిపించే రికార్డింగు గొంతు నాది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి." విన్నవాళ్ళంతా తిట్టుకునే గొంతు. మా ఆయన స్నేహితులతో, "మా ఆవిడ ఊళ్ళో అందర్నీ ఆపుతుంది, నన్ను మాత్రం ఆపలేదు" అని జోకేస్తారు. ప్రతిసారీ అదే జోకు. ప్రతిసారీ కాఫీ కప్పులు అందిస్తూ నేను.

ఆదివారం పొద్దున్నే హాలు నిండిపోయింది. "కాస్త మంచి బట్టలు వేసుకో, అందరూ చూస్తారు" అన్నారు కాబట్టి వేసుకున్నాను. సినిమా వేశారు. పదేళ్ళలో నేను దాన్ని మొదటిసారి మొత్తం చూశాను. అబద్ధమెందుకు, బాగా తీశాడు. వానని అలా తీసినవాళ్ళని నేను చూడలేదు. పోలీసు అధికారి ఒంటరిగా అన్నం కలుపుకునే సీనులో నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కోపం అందుకే ఎక్కువైంది. చేతకానివాడు చేస్తే చేతకాలేదనుకుంటాం. అంత చూపున్నవాడు హంతకుడికి బాల్యం ఇచ్చాడు, తాగుబోతు తండ్రిని ఇచ్చాడు, ఒక పిల్లిని, ఇష్టమైన పాటని కూడా ఇచ్చాడు. అధికారికి చచ్చిపోయిన భార్యని ఇచ్చాడు. ఆ ఆరుగురికి మాత్రం మెడలూ, వీపులూ, తడి జుట్టూ. కెమెరా ప్రతిసారీ హంతకుడి కళ్ళతోనే ఇంట్లోకి వస్తుంది. వాడితో పాటే కిటికీ దగ్గర ఆగుతుంది, వాడితో పాటే ఊపిరి బిగబడుతుంది. నాలుగో ఆమె దగ్గర హాల్లో కుర్రాళ్ళు, "వస్తోంది, వస్తోంది" అని గుసగుసలాడారు. వచ్చింది. నా అరుపు గోడలకి కొట్టుకుని నా మీదకే వచ్చింది. హాలంతా ఈలలు.

సినిమా అయ్యాక వేదిక మీద డైరెక్టరు, మా ఆయన, సభ పెట్టిన సినీ అభిమానుల సంఘం అధ్యక్షుడు. డైరెక్టరు జుట్టు నెరిసింది, పెద్దమనిషయ్యాడు. మా ఆయన అరగంట మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి, "ఇప్పుడొక రహస్యం. ఆ అరుపు పదేళ్ళుగా మా ఇంట్లోనే ఉంది!" అని నన్ను పైకి పిలిచారు. చప్పట్లే చప్పట్లు. డైరెక్టరు నన్ను గుర్తుపట్టలేదు. అయినా నమస్కారం పెట్టి, "బంగారు గొంతమ్మా" అన్నాడు.

వెనక వరసలోంచి ఎవరో, "మేడమ్, ఒక్కసారి అరవండి మేడమ్!" అన్నారు. నవ్వులు. "అరవాలి! అరవాలి!" అని తాళం వేశారు. ఫోన్లు పైకి లేచాయి. మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "చిన్నగా, సరదాకి. మరీ బెట్టు చెయ్యకు" అన్నారు.

మైకు తీసుకున్నాను. నా మామూలు గొంతుతోనే మాట్లాడాను.

"ఈ సినిమాలో ఆరుగురు ఆడవాళ్ళు చచ్చిపోతారు. ఆరుగురికీ కలిపి తొమ్మిది మాటలున్నాయి. 'ఎవరు' మూడుసార్లు, 'వద్దు' నాలుగుసార్లు, ఒక 'ప్లీజ్', ఒక 'అమ్మా'. తొమ్మిదీ నేనే చెప్పాను. ఆరుగురిదీ ఒకే గొంతు. గోడ మీద గడియారంలో ముల్లు తప్పని కూడా కనిపెట్టారు మీరందరూ, పుస్తకాలు రాశారు. ఆరుగురు ఆడవాళ్ళు ఒకే గొంతుతో చచ్చిపోతున్నారని పదేళ్ళలో ఒక్కరికీ వినిపించలేదు."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మా ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ అందులో మనిషి లేడు.

"నాలుగో అరుపు నటన కాదు. దర్శకుడి సాహసమని మీరు చదువుకున్నది ఇదీ: నాకు చెప్పకుండా దీపాలార్పి, నా మెడ పిసికించారు. మీరు ఈల వేసింది నిజంగా చచ్చిపోతాననుకున్న మనిషికి."

డైరెక్టరు మైకు అందుకుని మెత్తగా, "చూడమ్మా, కళలో కొన్ని జరుగుతాయి. ఆ అరుపు వల్లే కదా ఇవాళ నువ్వీ స్టేజీ మీద ఉన్నావు?" అన్నాడు.

"అవునండీ. మీరూ దానివల్లే ఉన్నారు."

ముందు వరసలో ఒకాయన లేచాడు. "అయితే ఏంటమ్మా, ఇంత మంచి సినిమా ఇక చూడకూడదంటారా? దీనికింత పేరు తగదంటారా?"

"మంచిగా తీసిన సినిమానే. వానకి వచ్చిన పేరు వానకి తగినదే. కానీ మీరంతా గొప్పదని మొక్కే ఆ ఒక్క సీను ఉంది చూడండి, అందులో గొప్పతనం లేదు. ఒక చెయ్యి ఉంది, ఒక మెడ ఉంది. అది తెలిసి చూడండి. తెలిశాక కూడా ఈల వస్తే వెయ్యండి."

మైకు బల్ల మీద పెట్టి దిగిపోయాను. చప్పట్లు లేవు. బయట చెప్పులేసుకుంటుంటే ఒకావిడ నా పక్కన నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

కారు మొదటి సిగ్నల్ దగ్గర ఆగింది. మా ఆయన అక్కడ మొదలుపెట్టారు. "పరువు తీశావు. నా పదేళ్ళ కష్టం గంగలో కలిపావు. ఆయన ముందు నా తలెక్కడ పెట్టుకోను? ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడే గుర్తొచ్చిందా? అంత బాధైతే నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను" అన్నాను. "ఆ రోజు సాయంత్రమే. మంచం అంచున కూర్చుని, లేని గొంతుతో గుసగుసగా చెప్పాను. మీరు కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. నేను ఏడుస్తుంటే రాసుకున్నారు. చెయ్యి ఎటునుంచి వచ్చిందో రెండుసార్లు అడిగారు. నెల తిరిగేసరికి పత్రికలో వచ్చింది. ఆ డైరెక్టరు ఈ సంగతి ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలిసింది మీవల్లే. అన్నీ రాశారు, నేను బట్టలు తడుపుకున్న సంగతి ఒక్కటి తప్ప."

"అది రాస్తే బాగుండదని..." అన్నారు.

వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. పచ్చదీపం వచ్చి చాలాసేపయింది. నేను ఆయన వైపు చూశాను. ఎక్కడో విన్నానన్న మనిషి, నేనేనని చెప్తే ఆశ్చర్యపోని మనిషి, పదేళ్ళుగా నా మెడ మీద చెయ్యి తియ్యని మనిషి. నా పక్కన పడుకుని, నేను కలిపిన కాఫీ తాగి, ఆ అరుపుని ఊరూరా తిప్పాడు. దీపాలార్పినవాడికి నా పేరు తెలియదు. ఈయనకి తెలుసు.

"బండి కదల్చండి" అన్నాను.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. ఆయన స్నానం చేసి వచ్చేసరికి నేను టైపు చేస్తున్నాను. వెనక నిలబడి, "పోన్లే, కోపం తగ్గిందా? ఎన్నో పేజీ?" అన్నారు.

"మీ పుస్తకం కాదు. డబ్బింగు కళాకారుల సంఘానికి ఫిర్యాదు. నకలు పోలీస్ స్టేషన్‌కి."

ఆయన చదివారు. రెండు పేజీలు. చదివి, చాలా తెలివైన మనిషి కదా, నింపాదిగా అన్నారు. "పదేళ్ళ కిందటిది. రుజువేదీ? గాజు అవతల ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా నోరు విప్పరు. నువ్వు చెప్పిందే వేదమా?"

"రుజువు ఉందండీ. మీ వ్యాసమే, సినిమా విడుదలైన నెలలో, తేదీతో సహా, పత్రికలో అచ్చయింది. జతచేశాను." చివరి కాగితం ఆయన వైపు తిప్పాను. "సాక్షి అన్న చోట మీ పేరు రాశాను. సరిగ్గా పడిందో లేదో చూడండి."