పిడిలో దాగిన పేరు

నేను ఒక కత్తిని. కూరలు తరిగేదాన్ని కాను, కొబ్బరిబొండాలు కొట్టేదాన్నీ కాను. జపాను దేశంలో పుట్టిన, ఒంపు తిరిగిన పొడుగాటి కత్తిని.

నల్లటి ఇసుకలోంచి తీసిన ఇనుమును కాల్చి, మడిచి, మళ్లీ కాల్చి నన్ను సాగదీశాడు మా కమ్మరి. ఒంటికి బంకమన్ను పూసి, ఎర్రగా కాగాక నీళ్లలో ముంచాడు. అంచు వెంట అలలాంటి తెల్లని గీత ఒకటి పడింది. మా జాతికి అదే అందం. ఆఖరున పిడిలో దూరే మొదలు మీద ఉలితో తన పేరు చెక్కి, పిడి తొడిగి, వెదురు మేకు బిగించాడు. మనుషులు వీధిలో అరుగు కట్టించినా రాయి మీద పేరు వేయించుకుంటారు. మా కమ్మరి ఎవరికీ కనపడనిచోట రాసుకున్నాడు. తన పని మీద అంత నమ్మకం.

తరతరాలు ఒకే వంశంలో ఉన్నాను. యుద్ధాలకన్నా ఊరేగింపులే ఎక్కువ చూశాను. ఆ వంశంలో చివరివాడు సైన్యంలో చేరి, నా పాత ఒర తీసేసి సిపాయి ఒర తొడిగించి, రెండో ప్రపంచయుద్ధానికి బర్మా తీసుకుపోయాడు. అక్కడ ఓడిపోయి, నన్ను రెండు చేతులా అప్పగిస్తూ ఏడ్చాడు. గెలిచిన ఇంగ్లీషు పటాలం దొర నన్ను తన హవల్దారు గవరయ్యకు బహుమతిగా ఇచ్చాడు.

అలా విజయనగరం దగ్గర ఒక పల్లెకు వచ్చాను. జపాను ఆఫీసరు తాతలనాటి కత్తి అని గవరయ్య చెబితే ఊరు నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు సొంత తమ్ముడు పోలయ్య. సంతలో కొన్న నాటకం కత్తి అన్నాడు. ఏటా దసరాకు పనిముట్లన్నీ చింతపండు, ఇటికపొడి వేసి తోమి వరసగా పెట్టేవారు. పోలయ్య నన్ను గునపం తరవాత పెట్టేవాడు. ఆ తోముడుకు నా ఒళ్లంతా గీతలు పడ్డాయి. పిడి మాత్రం ఎవరూ విప్పలేదు.

గవరయ్య కోతలరాయుడనే పేరుతోనే పోయాడు. ఆయన భార్య సన్యాసమ్మకు అది మింగుడుపడలేదు. పాత కత్తులు సేకరించే సుదర్శనం గారు విశాఖలో ఉన్నారని విని, నిజం తేల్చమని కబురంపింది. ఆయన వచ్చిన రోజు పోలయ్య గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నాటకం కత్తిని సూడ్డానికి పట్నం నుంచొచ్చినారేటి, వదినా?"

సన్యాసమ్మ నన్ను తెచ్చి సుదర్శనం గారి చేతికిచ్చింది. ఆయన మేకు తట్టి పిడి లాగారు. నా మొదలు నల్లగా తుప్పుపట్టి ఉంది. పెద్దమనిషి ముందు తన ఇంటి సామాను అలా కనపడేసరికి ఆమె తల కొట్టేసినట్టయింది. పరుగున పోయి చింతపండు గిన్నె తెచ్చింది.

"సిగ్గేస్తంది బాబూ. ఒక్కపాలి తోమేసిస్తాను."

తడిచెయ్యి నా మీదకు వచ్చింది. ఒక్క రుద్దుతో నా వయసూ, గవరయ్య మాటా చెరిగిపోయేవి.

సుదర్శనం గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "వద్దమ్మా. దీని వయసు చెప్పేది ఆ తుప్పే."

నన్ను కిటికీ వెలుగుకు వాల్చి చూశారు. తుప్పు అడుగున మా కమ్మరి ఉలిగాట్లు ఒక్కొక్కటే తేలాయి. ఇది సైన్యం కోసం కార్ఖానాలో చేసినది కాదని, మూడు వందల ఏళ్లకు పైబడినదని, మీవారు చెప్పింది నిజమేనని, గుమ్మంలో పోలయ్యకూ వినపడేలా ఆమెతో చెప్పారు. అమ్ముతారా అని అడగబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. వేలితో ముట్టకూడదని, పలచగా నూనె రాస్తే చాలని నేర్పి వెళ్లారు.

ఆ దసరాకు పోలయ్య అందరికన్నా ముందే వచ్చాడు. చింతపండు గిన్నెను నాకు దూరంగా జరిపాడు. నన్ను ఒరతో సహా ఎత్తి, నాగలికన్నా ముందు, వరసలో మొదట పెట్టాడు.

"అన్న కత్తికి ముందు బొట్టెట్టు, వదినా."

ఆమె ఒర మీద కుంకుమ పెట్టింది. ఎన్నో ఊరేగింపులు చూశానని చెప్పానుగా. వాటిలో ఏదీ దీనికి సాటిరాదు.