అయిపోయినట్టే చెప్పాలి

దుప్పటి లాగి బకెట్లో పడేసింది నడీన్. ఎంత సబ్బు రుద్దినా చేతులకు అదే వాసన. అత్తగారు ఓర్ఫా గోడవైపు తిరిగి, ఎప్పుడో పోయిన తన అక్కతో ఏదో మాట్లాడుకుంటోంది. మతి పూర్తిగా పోయింది ఆవిడకి, అన్నీ పక్కమీదే. పెద్దవాళ్ల డైపర్లయినా కొందామని, పగలు కాసేపు ఆయమ్మనైనా పెడదామని అడిగి అడిగి నడీన్ నోరు నొప్పెట్టింది. మొగుడు లైల్ జవాబు మాత్రం మారదు.

"అమ్మ సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది నడీన్. డైపర్లు తెచ్చామంటే జబ్బుని పిలిచి పీట వేసినట్టే. నీ ఆలోచన మార్చుకో, అన్నీ సర్దుకుంటాయి."

ఎంత చక్కని మాట! ఆ మాట అంటున్నంతసేపూ ఆ మహానుభావుడు గుమ్మం బయటే నిలబడ్డాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

బుధవారం సాయంత్రాలు ఊరి ప్రార్థనామందిరంలో వాళ్ల బృందం కూర్చుంటుంది. అక్కడికి ఎవరైనా రావచ్చు. కేథలిక్కులు, యూదులు, దేవుడే లేడనేవాళ్లు, చేతిలో చెయ్యేసుకుని వచ్చే మగ జంట, అందరికీ కాఫీ, అందరికీ కౌగిలింత. మొదటి పెళ్లి చెడిపోయి నడీన్ అక్కడికి వచ్చినప్పుడు ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అందుకే ఆ చోటంటే ప్రాణం పెట్టింది. అందరికీ తలుపు తీసే ఆ గదిలో తన అలసటకి మాత్రం చోటు లేదని తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

మొన్నామధ్య నోరు జారి, "నాకు చాలా అలసటగా ఉంది" అందక్కడ. అంతే! ఈగల్ని తోలినట్టు అందరూ చేతులూపుతూ, "క్యాన్సిల్! క్యాన్సిల్!" అన్నారు. చెడ్డ మాట గాల్లో ఉండగానే కొట్టెయ్యాలట. తర్వాత పాస్టరమ్మ కొరీన్ ఆమెను పక్కకి తీసుకెళ్లి భుజం నిమిరింది.

"సాయం కావాలి అనకమ్మా. కావాలి అంటే లేదని ఒప్పుకున్నట్టే కదా? మన ప్రార్థనలో కోరింది అప్పటికే అయిపోయినట్టే చెప్పాలి. చెప్పి, థాంక్స్ చెప్పుకోవాలి. అన్నట్టు, కాఫీ అయిపోయింది, కాస్త పెడతావా?"

నడీన్ పెట్టింది. కప్పులూ కడిగింది.

ఈ బుధవారం లైల్ కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ వెలుగు. ఆమె దేహం నిర్మలం. మా ఇంట్లో అంతా ఆనందమే."

"అలాగే ఉంది!" అన్నారు అందరూ ముక్తకంఠంతో.

పక్కనున్నావిడ కళ్లొత్తుకుంటూ నడీన్ చెవిలో, "తల్లిని ఎంత ప్రేమగా చూసుకుంటున్నాడమ్మా నీ మొగుడు! అదృష్టవంతురాలివి" అంది. నడీన్‌కి పొద్దున దుప్పటి ఎత్తినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. ఛీ, నిర్మలమట! ఆ నిర్మలం ఎవరి చేతుల మీదుగా వస్తోందో ఒక్కసారైనా అడిగాడా? తనూ ఇన్నేళ్లూ వీళ్లతో గొంతు కలిపింది, అదీ రోతే. ఇంకొక్క రాత్రి అత్తగారి గదిలోకి వెళ్తే తనకీ మతి పోతుందని ఆమెకి స్పష్టంగా తెలిసిపోయింది.

ఆమె వంతు వచ్చింది. కళ్లు మూసుకోలేదు.

"నా భర్త లైల్ తన తల్లి పక్క తనే మారుస్తున్నాడు. దుప్పట్లు తనే ఉతుకుతున్నాడు."

"అలాగే ఉంది!" అన్నారు అలవాటు కొద్దీ.

"ఆమెను తనే కడుగుతున్నాడు. డైపర్లు తనే కొనుక్కొచ్చాడు."

"అలాగే..." సగం గొంతులే లేచాయి.

"నేను సెడాలియాలో మా చెల్లెలింట్లో తలుపేసుకుని నిద్రపోతున్నాను. థాంక్స్."

లైల్ కళ్లు తెరిచాడు. ముఖం కందగడ్డలా అయింది. "ఏమిటీ పిచ్చి మాటలు? అమ్మ సంగతేంటి? అమ్మకి నువ్వు కావాలి!"

కావాలి అన్నాడు. క్యాన్సిల్ అని మాత్రం ఎవరూ అనలేదు. పాస్టరమ్మ కాళ్లకింద తివాచీని చూస్తూ కూర్చుంది.

నడీన్ కోటు తొడుక్కుంది.

"పక్కింటి బెర్నీస్ చీకటి పడేదాకే ఉంటానంది లైల్. ఈపాటికి మీ అమ్మ పక్క తడిపేసుంటుంది. లే."